బంపరు గుడ్డకు నాలుగు వేళ్ల వదులు

హిందూపురం, ఆదివారం

నాయనకు దిల్షాద్ సలాం. నేను బాగానే ఉండా, దిగులు పడొద్దు. రోబోల పోటీ అయ్యేదాకా హాస్టల్లో ఫోన్లు తీసిపెట్టుకున్నారు, అందుకే ఈ కార్డు.

మా జట్టు రోబో చుట్టూ పరుపు మాదిరి బంపరు కట్టాల. "పరుపులు కుట్టేవాళ్ల పిల్లవు గదా, నువ్వే కుట్టు" అని గుడ్డ నాకిచ్చిరి. ఫ్రేము చుట్టూ దారం బిగించి కొలవమని రూల్సులో ఉండాది. నువ్వు మంచం కొలిచినట్లే కొలిచి, అలవాటుగా నాలుగు వేళ్లు వదులు పెట్టి కత్తిరిస్తి. మనం దూది సర్దుకునేదానికి వదుల్తాం గదా. ఈడ లోపల ఉండేది దూది కాదు, గట్టి ఫోం గొట్టాలు. నిన్న సారు చూసి, గుడ్డ ముడతలు పడింది, ఇట్లుంటే పోటీలోకి రానీరు అనె. ఎవరూ తిట్టలేదు నాయనా. నాతో మాట్లాడేదే మానేసిరి. అన్నం కాడ కూడా ఒక్కదాన్నే కూర్చుంటాండా.

అంతా విప్పి మళ్లీ కుడతాండా. మూలల కాడ మందం గుడ్డలోకి ఈ సూది దిగల్యా. నీ పెద్ద దబ్బనం కావాల. ఎవరిచేతా పంపొద్దు, శుక్రవారం లోపల నువ్వే తీసుకొని రా. పొద్దున రైల్లో పెనుకొండ దాటితే సీటు దొరుకుతాది.

అవ్వ మోకాలు ఎట్లుండాది? దూది ఏకే మిషన్‌కు బెల్టు మార్చినావా? అమ్మను వేళకు తినమను. అందరికీ నా సలాం.

నీ బిడ్డ దిల్షాద్

అడ్రసు పక్కన సందులో రాస్తాండా: దబ్బనం ఈడ బజార్లో కూడా దొరుకుతాది నాయనా. అయినా నువ్వే తెచ్చియ్యి.