మెట్ల తలుపు తాళం

భవన సంఘం అధ్యక్షుడు గారికి,

నన్ను ఇక్కడ అందరూ మెట్ల మామ్మ అంటారు, మీరూ అలాగే అనుకోండి. వయసు డెబ్బై ఎనిమిది. మూడో అంతస్తులో కూతురు, మనవరాలితో ఉంటున్నాను. నాకు అక్షరం ముక్క రాదు, నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. దానికి మెట్లంటే బద్ధకం. అది కూడా దానిచేతే రాయించాను.

రెండేళ్ల కిందట నా తుంటి ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక ఆసుపత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి, "మంచాన్ని నమ్ముకోకు మామ్మా, మెట్లను నమ్ముకో" అంది. మొదటి రోజు ఒక్క మెట్టెక్కి ఏడ్చాను. రోజూ ఎక్కగా ఎక్కగా ఎనిమిది నెలలకు మూడంతస్తులూ ఎక్కాను. కుట్టుమిషన్ ముందు కూర్చుని కూర్చుని మోకాళ్లు బిగుసుకుపోయిన నా కూతురు కూడా నా వెనకే ఎక్కడం మొదలుపెట్టింది. ఇప్పుడు చెయ్యి ఊనకుండా నేల మీంచి లేస్తోంది.

కొత్త లిఫ్టు వచ్చింది కదా, ముసలివాళ్లు మెట్ల మీద జారిపడతారని మీరు మెట్ల దారి తలుపుకు తాళం వేయించారు. మీ మనసు మంచిదే, కాదనను. కానీ మూడు వారాలకే నా కాళ్లు మొరాయిస్తున్నాయి. నిన్న కుర్చీలోంచి లేవడానికి మనవరాలి చెయ్యి అడిగాను. అడిగినందుకు సిగ్గుపడ్డాను. పడిపోతానని కూర్చోబెడితే, కూర్చున్నచోటే పడిపోతాను బాబూ.

తాళం తీయించండి. పడితే పూచీ నాది.

ఇది నా వేలిముద్ర.

సాక్షులు: నా కూతురు. రెండో సాక్షి, మీరు చెప్పందే తాళంచెవి ఇవ్వనన్న వాచ్‌మన్. సంతకం మాత్రం అడక్కుండానే పెట్టాడు.