కాగితం వెనకవైపు

అక్టోబరు 30, 2014

ప్రియమైన తమ్ముడు వెండెల్‌కి,

ఫోన్లో చెబితే నువ్వు విననే వినవు. అందుకే రాసి, నేనే వచ్చి నీ గేటు దగ్గరి పోస్టు డబ్బాలో వేస్తున్నాను. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

మనది పాత ఒప్పందం. అధ్యక్షుడి ఎన్నికకు ఇద్దరం పోట్లాడుకుంటూ వెళ్తాం. అధ్యక్షుడి పేరు లేకుండా మధ్యలో రెండేళ్ళకి వచ్చే ఈ ఎన్నికకు ఇద్దరం మానేస్తాం. "నీ ఓటు మా పార్టీవాళ్ళని కొట్టడానికి, నా ఓటు మీ పార్టీవాళ్ళని కొట్టడానికి. చెల్లుకు చెల్లు. ఈమాత్రం దానికి పెట్రోలు తగలెయ్యడం ఎందుకక్కా?" అన్నది నువ్వే. నాకూ బాగానే తోచింది. ఊళ్ళో సగానికి పైగా జనం ఏ ఒప్పందమూ లేకుండానే మానేస్తున్నారు కదా అనుకున్నాను.

ఈసారి మాత్రం నాకు కాలు నిలవడం లేదు. కుట్టు పట్టుకుంటే కుట్టు సాగదు, పడుకుంటే నిద్ర రాదు. అంబులెన్సు స్టేషను ఉండాలా, పోవాలా అన్నది కూడా ఈ ఎన్నికలోనే తేలుతుంది. దానికోసం అడుగుతున్న పన్నుకు ఓట్లు చాలకపోతే డిసెంబరుతో తాళం వేస్తారు. మొన్న వసంతంలో నువ్వు ట్రాక్టరు పక్కన గుండె పట్టుకుని పడిపోయినప్పుడు ఆ బండి వెంటనే వచ్చింది కాబట్టే ఇవాళ నామీద అరవగలుగుతున్నావు. అది నది అవతలినుంచి రావలసివస్తే? నాకు భయంగా ఉంది వెండెల్. నేను వెళ్తున్నాను. మీవాళ్ళ గడీ, మావాళ్ళ గడీ రెండూ ఖాళీగా వదిలేస్తాను. అంబులెన్సుకు ఒక్కదానికే వేస్తాను. ఒట్టు. నువ్వూ రా.

నీ అక్క,
ఆర్డిత్

నవంబరు 4

వెండెల్,

ఇప్పుడే ఓటేసి వచ్చాను. చర్చి కింది గదిలో మనిషి అలికిడి లేదు.

"ఏం ఆర్డిత్, దారి తప్పావా?" అంది ఓటర్ల పుస్తకం ముందు కూర్చున్న హేజెల్. "అధ్యక్షుడి ఎన్నిక వచ్చిన ఏడాది లైను రోడ్డెక్కుతుంది. ఇవాళ చూడు, మేం చేసిన కుకీలు మేమే తింటున్నాం. మీ తమ్ముడేడీ, ఇంకా అలకేనా?"

నవ్వేసి సంతకం పెట్టాను. మాటిచ్చినట్టే పెద్ద పేర్లన్నీ వదిలేశాను. చెయ్యి దురద పెట్టింది, నిజం చెబుతున్నాను. అంబులెన్సు ప్రశ్న కాగితం వెనకవైపు, అట్టడుగున ఉంది. వెళ్తే తిప్పి చూసుకో. ఇంకా టైముంది.

ఆర్డిత్

నవంబరు 22

అక్కా,

ఇన్నాళ్ళూ నీకు మొహం చూపించలేక ఇటునుంచి అటు తిరుగుతున్నాను.

ఆరోజు నేనూ వెళ్ళాను. సాయంత్రం పాలు పితకడం కాగానే తిన్నగా చర్చికి పోయాను. పుస్తకంలో నా పేరుకు పైనే నీ సంతకం కనబడేసరికి ఒళ్ళు మండింది. పెన్ను చేతికొచ్చాక అక్క మావాళ్ళని ఓడించకుండా వదులుతుందా అనుకున్నాను. నీ ఒట్టు నమ్మలేదు. "కుకీ తీసుకెళ్ళవయ్యా" అని హేజెల్ పిలుస్తున్నా వినిపించుకోలేదు. నీ ఓటుని కొట్టెయ్యాలన్న ఉక్రోషంతో మావాళ్ళ గడులు నింపి, అంబులెన్సు మాటే మరిచి, కాగితం డబ్బాలో పడేసి వచ్చాను. ఇంటికొచ్చి గేటు డబ్బాలోంచి నీ రెండో ఉత్తరం తీశాను. ఓటు కాగితానికి వెనకవైపు ఒకటుందని అప్పుడు తెలిసింది.

మావాళ్ళు ఎలాగూ భారీగా గెలిచారు. నా ఓటుతో వాళ్ళకి పనే లేదు. అంబులెన్సు లెక్క మాత్రం నిన్ననే పూర్తిగా తేలింది. కావాలన్నవాళ్ళూ వద్దన్నవాళ్ళూ సరిసమానం. సమానమైతే ఓడినట్టేనట. ఒక్క ఓటు చాలేది అక్కా. అది నా చేతిలోనే ఉండింది.

నువ్వు నా ప్రాణం కోసం వెళ్ళావు. నేను నీమీద కోపంతో వెళ్ళాను. సిగ్గుగా ఉంది.

ఆ పన్ను మీద మే నెలలో మళ్ళీ ఓటు పెడతారట. దానికి ఇంకా తక్కువమంది వస్తారని హేజెల్ అంటోంది. ఇద్దరం ఒకే బండిలో వెళ్దాం. ఈ కవరులో నా ఇంటి తాళంచెవి పెట్టాను. దగ్గర ఉంచుకో. అప్పటిదాకా నాకు అంబులెన్సువి నువ్వే.

నీ తమ్ముడు,
వెండెల్