నాన్న గొంతుకి ఒక డబ్బా

రావులపాలెం,
జూన్, ఆదివారం

ప్రియమైన తమ్ముడు ఫిన్నీకి,

అక్క తబిత దీవెనలు. ఫోనుండగా ఈ ఉత్తరమేంటని నవ్వకు. ఫోన్లో అడిగితే నువ్వు లింకులు పంపుతున్నావు. పోయిన నెలలో నువ్వు పంపినవన్నీ చదవాలంటే నేను బడికి సెలవు పెట్టాలి. కాగితం మీద లింకు పెట్టలేవు కాబట్టి ఇకమీదట ఈ సంగతి కాగితం మీదే మాట్లాడుకుందాం. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి.

సంగతేంటో నీకు తెలుసు. అయినా మళ్ళీ మొదటినుంచీ చెబుతాను, ఎందుకంటే నువ్వు అసలు విషయం వదిలేసి ప్రాసెసర్ల గురించి మాట్లాడుతున్నావు. రేడియేషన్‌తో తగ్గకపోతే నాన్న స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని రాజమండ్రిలో డాక్టరుగారు తేల్చి చెప్పేశారు. తీశాక మాట ఉండదు. ఇక పాట సంగతి చెప్పేదేముంది! లూథరన్ గుడిలో రెండు తరాల పిల్లలకి కీర్తనలు నేర్పిన గొంతు అది. ఆ పాటలన్నీ ఇప్పుడు నీ పాత హార్డ్ డిస్కులో తప్ప ఎక్కడా లేవు. కేసెట్లు బూజు పట్టి అతుక్కుపోయాయి. నా ఫోను నిండిపోతుందని నేను తీసినవన్నీ కూడా అందులోనే వేసి, ఫోన్లోవి చెరిపేశాను. ఆ డిస్కు కాస్తా ఇప్పుడు తగిలిస్తే టిక్కు టిక్కుమంటోంది.

వైఫైకి తగిలించి ఉంచే డబ్బా ఒకటుంటుందనీ, అందులో పెడితే రెండు డిస్కుల్లో రెండు కాపీలు ఉంటాయనీ, టీవీలో నొక్కితే పాట వస్తుందనీ చెప్పింది నువ్వే. నువ్వు చెప్పాకే నాన్నకి ఆశ పుట్టింది. "మాట పోయాక నా పాట నేనే వింటూ కూచుంటానమ్మా" అంటున్నారు. పొద్దున్నే లేచి "డబ్బా వచ్చిందా?" అని నన్నడుగుతున్నారు. నేనేం చెప్పను? తమ్ముడు ఇంకా పోల్చి చూస్తున్నాడని చెప్పనా?

ఏదో ఒకటి కొనరా బాబూ. నీకు చేతకాకపోతే చెప్పు, బస్టాండు దగ్గర బుజ్జిబాబు కంప్యూటర్ షాపులో పెద్ద పెన్‌డ్రైవ్ కొని నేనే ఎక్కించేసుకుంటాను.

ప్రేమతోనూ, అంతకన్నా ఎక్కువ చిరాకుతోనూ,
నీ అక్క తబిత


జంగారెడ్డిగూడెం,
జూన్ నెలాఖరు

ప్రియమైన అక్కకి,

తమ్ముడు ఫిన్నీ వందనాలు. నీ ఉత్తరం అందింది. ఈ ఊళ్ళో పోస్టాఫీసు ఎక్కడుందో నాకు ఇవాళే తెలిసింది. మా పామాయిల్ ఫ్యాక్టరీలో కంప్యూటర్లన్నీ చూసుకునేవాణ్ణి ఉత్తరాలు రాస్తున్నానని తెలిసి లోవరాజు అందరికీ చెప్పి నవ్విస్తున్నాడు.

ముందు ఒక్క మాట. పెన్‌డ్రైవ్ జోలికి వెళ్ళకు. ఆ డిస్కు టిక్కుమంటోందంటే లోపల అరిగిపోయిందని అర్థం. ఒక్కసారి పూర్తిగా చదవగలిగితే అదే మన అదృష్టం. ఆ ఒక్కసారీ తిన్నగా డబ్బాలోకే వెళ్ళాలి. నేను వచ్చేదాకా దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టు. బుజ్జిబాబుకి అస్సలు ఇవ్వకు.

డబ్బా కొనడమంటే టమాటాలు ఏరుకోవడం కాదక్కా. రెండు డిస్కులు పట్టేది కొనాలా, నాలుగు పట్టేదా? లోవరాజు రెండు చాలంటాడు. వీడియోల్లో వాళ్ళేమో రెండువి కొన్నవాళ్ళంతా ఏడుస్తున్నారంటారు. డబ్బాతో డిస్కులు రావు, అవి వేరే కొనాలి. మామూలువి పనికిరావు, రాత్రీ పగలూ తిరిగేవి కావాలి. పైగా మన టీవీ పాతది. దానికి అన్ని రకాల ఫైళ్ళూ అర్థం కావు, డబ్బాయే మార్చి ఇవ్వాలి. అందుకే ప్రాసెసర్ గురించి అడిగాను, సరదాకి కాదు. ఇవన్నీ చూసుకోకుండా కొంటే ఏడాది తిరక్కుండా నువ్వే నన్ను తిడతావు. దసరా ఆఫర్లదాకా ఆగామంటే మంచిదే వస్తుంది.

అమ్మకి ఇప్పటినుంచే చెప్పి ఉంచు, దానికి లేసు గుడ్డ అల్లొద్దని. మనింట్లో టీవీకి లేసు, ఫ్రిజ్జుకి లేసు, మిక్సీకి కూడా లేసు. ఈ డబ్బాకి గాలి ఆడాలి.

నాన్నని కంగారు పడొద్దని చెప్పు.

నీ ఓపికని నమ్ముకున్న
తమ్ముడు ఫిన్నీ


రావులపాలెం,
ఆగస్టు

ఇప్పటికీ ప్రియమైనవాడివే అయిన తమ్ముడికి,

దసరా అంటావేంటిరా? నాన్న గొంతు నీ ఆఫర్ల కోసం ఆగుతుందా? రేడియేషన్ పనిచెయ్యలేదు. సెప్టెంబరులో ఆపరేషన్ అన్నారు.

మొన్న ఆదివారం గుడిలో నాన్న కీర్తన ఎత్తుకున్నారు. పల్లవి అయ్యింది, చరణం దగ్గర గొంతు రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు, గాలి తప్ప ఏమీ రాలేదు. క్వయర్ పిల్లలు చప్పున అందుకుని పాట పూర్తిచేశారు. నాన్న పుస్తకం మూసి చివరిదాకా తలొంచుకునే కూచున్నారు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. ఇక కొత్తగా రికార్డు చేసేదేమీ లేదు ఫిన్నీ. ఆ డిస్కులో ఉన్నదే ఉన్నది. అది పోతే అంతా పోయినట్టే. నాకు భయంగా ఉంది.

నువ్వేమో రెండు గదులదా, నాలుగు గదులదా అంటూ కూచున్నావు. మనమేమైనా ఇల్లు కడుతున్నామా? ఆ లోవరాజు ఎవరో నాకు తెలియదు గానీ బుర్రున్నవాడిలా ఉన్నాడు, అతని మాట విను. నిన్న నాన్న, ఆ పోయిన గొంతుతోనే, "ఫిన్నీగాడు వెతుకుతున్నది డబ్బానా, పిల్లనా?" అన్నారు. అమ్మ ఎంత నవ్విందో! నాకు మాత్రం నవ్వు రాలేదు.

వచ్చే ఆదివారం నువ్వు డబ్బా తీసుకుని రాకపోతే సోమవారం పొద్దున్నే డిస్కు పట్టుకుని బుజ్జిబాబు షాపు మెట్ల మీద కూచుంటాను. నీ అరుగుదలా వద్దు, నీ ప్రాసెసరూ వద్దు.

విసిగిపోయిన
తబిత


జంగారెడ్డిగూడెం,
సెప్టెంబరు మొదటి వారం

ప్రియమైన అక్కకి,

నేను వచ్చి బిగించి వెళ్ళినప్పటినుంచీ నువ్వు ఫోన్ చెయ్యలేదు. అంటే అంతా బాగున్నట్టే అనుకుంటున్నాను. చివరికి రెండు డిస్కులదే కొన్నాను. ఈ మాట లోవరాజుకి తెలియనివ్వకు.

ఆ రోజు హడావుడిలో సరిగ్గా చెప్పలేకపోయాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. పాత డిస్కుని డబ్బా వెనకాల తగిలించే ఉంచాను. దాన్ని ఒక్కసారిగా తోలితే చచ్చిపోతుంది, అందుకని రోజుకి ఒక గంట మాత్రమే కాపీ చేసేలా పెట్టాను. గంట నిండితే ఆ రోజు వాటా ఖాయం అవుతుంది. మధ్యలో ఆపితే మర్నాడు మళ్ళీ మొదటినుంచీ మొదలెడుతుంది, కాబట్టి ఎవరూ ముట్టుకోవద్దు. కరెంటు పోతే ఇన్వర్టరుంది. ఎక్కినవాటికి నెట్‌లో కూడా ఒక కాపీ పోతుంది, అందుకు నెట్ ఖాళీగా ఉండాలి. సాయంత్రం నీకు ఆన్‌లైన్ ట్యూషన్లు, ఎనిమిది దాటితే అమ్మకి సీరియళ్ళు. అర్ధరాత్రయితే లైటు ఆరినా చూసేవాళ్ళుండరు. అందుకని బాగా ఆలోచించి ఏడు గంటలకి పెట్టాను. ఆ వేళప్పుడు మనింట్లో ఎవరూ నెట్ ముట్టుకోరు కదా. ఆపరేషన్ లోపల పాటలన్నీ ఎక్కేస్తాయి. పచ్చ లైటు వెలుగుతుంటే క్షేమమని గుర్తు.

అమ్మ అప్పుడే దారంతో దాని కొలత తీయడం నేను చూశాను. వద్దని గట్టిగా చెప్పు.

ఉండకుండా వెళ్ళిపోయానని నీకు కోపంగా ఉందని తెలుసు. సాయంత్రం బస్సు తప్పితే పొద్దున షిఫ్టుకి అందుకోలేను. నాన్న గుమ్మందాకా వచ్చి ఏదో అన్నారు. బస్టాండుకి పిలిచిన ఆటోవాడు హారన్ కొడుతుంటే నాకు వినబడలేదు. ఏమన్నారో కనుక్కుని రాయి.

ఇక నిశ్చింతగా ఉండు.

నీ తమ్ముడు
ఫిన్నీ


రావులపాలెం,
సెప్టెంబరు

ఫిన్నీ,

ప్రియమైన అని రాయడానికి ఇవాళ చెయ్యి రావడం లేదు.

నిశ్చింతగా ఉండమన్నావు. పచ్చ లైటు చూసుకుంటూ నిశ్చింతగానే ఉన్నాను, వెర్రిదాన్ని. నిన్న నాన్న అడిగితే టీవీలో పెడదామని చూశాను. ఒక్క పాటా లేదు. పాత డిస్కు తీసి నా లాప్‌టాప్‌కి తగిలిస్తే టిక్కుమనడం కూడా మానేసింది. బుజ్జిబాబుని ఇంటికి పిలిచాను. అతను డిస్కు చెవి దగ్గర పెట్టుకుని విని, "పోయిందండి టీచర్‌గారూ, విజయవాడ పంపినా రాదండి" అన్నాడు. తర్వాత నీ డబ్బాలో చిట్టా చూశాడు. రోజూ ఏడింటికి మొదలవడం, కొద్ది నిమిషాల్లో కరెంటు ఆగిపోవడం. రోజూ అదే. "ఇన్వర్టరు బానే ఉందండి, ఎవరో స్విచ్చే ఆపేస్తున్నారండి" అన్నాడు.

ఏడింటికి మనింట్లో ఏం జరుగుతుందిరా? నువ్వు పుట్టకముందునుంచీ ఏం జరుగుతోంది? అమ్మ పొయ్యి కట్టేసి చాప వేస్తుంది. నాన్న టీవీ దగ్గరున్న బోర్డు మీద స్విచ్చులన్నీ వరసగా ఆపేస్తారు. ప్రార్థన వేళ ఇంట్లో ఏ మిషనూ చప్పుడు చెయ్యకూడదు. చిన్నప్పుడు క్రికెట్ మధ్యలో ఆపేశారని నువ్వు ఏడ్చి గోల చేసింది ఆ బోర్డు దగ్గరే కదా! ఏడింటికి ఎవరూ నెట్ ముట్టుకోరని గుర్తుంది నీకు. ఎందుకు ముట్టుకోరో మాత్రం గుర్తు లేదు. నీ ఉత్తరం చదివి కూడా నాకు తట్టలేదు, అది నా ఖర్మ. ఎన్నాళ్ళయిందిరా నువ్వు ఆ వేళకి ఇంట్లో ఉండి?

డబ్బాలోకి ఎక్కిందల్లా ఒకే ఒక్క ఫోల్డరు. పాడైపోయిన రికార్డింగులన్నీ ఒక చోట పడేసి, చెరిపెయ్యడానికి పైనే కనబడాలని దానికి "ఏఏఏ చెత్త" అని పేరు పెట్టాను. పేరు బట్టి అదే ముందు కాబట్టి రోజూ అదే ఎక్కిందట. నాన్న కీర్తనలన్నీ పోయి నా చెత్త మిగిలింది.

నాన్నకి ఇంకా చెప్పలేదు. తన చేత్తోనే ఆపేశానని తెలిస్తే ఆయన తట్టుకోలేరు. గురువారం హాస్పిటల్లో చేర్చుకుంటారు. నువ్వు రా. ఏ డబ్బా బాగుంటుందో, ఎందుకిలా అయిందో ఏమీ చెప్పొద్దు. ఊరికే రా.

తబిత


రావులపాలెం,
సెప్టెంబరు నెలాఖరు

ప్రియమైన అక్కకి,

ఫిన్నీ వందనాలు. పక్కింటి పెద్దిరాజుగారు రేపు రాజమండ్రి వస్తూ హాస్పిటల్‌కి నీ కేరేజీ, దాంతో ఈ ఉత్తరం తెస్తారు. ఫోన్లో చెప్పొచ్చు గానీ అమ్మ పక్కనే ఉంటోంది, ఆవిడ ముందు చెప్పలేను.

డిస్కు పోయిన సంగతి నాన్నకి నేను చెప్పానని నీకు చెప్పలేదు. హాస్పిటల్‌కి బయల్దేరేముందు చెప్పేశాను. స్విచ్చు మాట కూడా దాచలేదు. ఆయన, ఆ ఉన్న కాస్త గొంతుతో, "పాటలదేముందిరా, క్వయర్ పిల్లలందరికీ వచ్చు. అసలు ప్రార్థన వేళకి మిషను పెట్టినవాడికి బుద్ధుందా అంట!" అన్నారు. ఆపరేషన్‌కి ముందు నాతో ఆయన గొంతెత్తి అన్న ఆఖరి మాట అదే అక్కా. తిట్టే. తిట్టినా బాగుంది.

నిన్న సాయంత్రం ఆ డబ్బా విప్పేసి అట్టపెట్టెలో పెట్టెయ్యాలని కూచున్నాను. దాన్ని చూస్తుంటే ఒళ్ళు మండింది. విప్పేముందు నీ చెత్త ఫోల్డరు చెరిపేద్దామని టీవీలో తెరిచాను. ఏముందోనని ఒకటి నొక్కాను.

నువ్వెప్పుడైనా విన్నావా అవి? ఒకదాంట్లో పాట మొదలెట్టి సగంలో ఆపి, "ఆగవే తబితా, దగ్గొస్తోంది" అంటున్నారు. ఒకదాంట్లో రోడ్డు మీద అరటిగెలల లారీ హారన్ కొడుతుంటే డ్రైవర్ని తిడుతున్నారు. ఇంకోదాంట్లో హార్మోనియం శ్రుతి చూసుకుంటూ మధ్యలో, "ఈ వారం ఫిన్నీ వస్తానన్నాడా?" అని అడుగుతున్నారు. "ఏమో నాన్నా, ఇప్పుడు పాడండి" అని నీ గొంతు. అది విన్నాక ఏడుస్తూ కూచున్నాను, నీ దగ్గర దాపరికమెందుకు.

ఆ తర్వాత ఇంకోటి నొక్కాను. అందులో పాట అసలు మొదలే కాలేదు. నాన్న కేకేశారు. "పాపాయమ్మా! ఆ ఫ్యాను ఆపవే! పాట వినబడాలా, గాలి వినబడాలా?"

అమ్మ వంటింట్లో చేప ముక్కలకి కారం పట్టిస్తోంది. "వస్తున్నా, వస్తున్నా, ఒక్క నిమిషం ఊపిరి తీసుకోనివ్వరు కదా" అని గొణుక్కుంటూ, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ గబగబా వచ్చి ఫ్యాను ఆపేసింది. ఆపేసి అక్కడే నిలబడిపోయింది. టీవీ వైపు చూసింది, నా వైపు చూసింది. నేను గబుక్కున రిమోట్‌తో ఆపేశాను. తిడుతుందేమోనని భయపడ్డాను.

అమ్మ ఫ్యాను మళ్ళీ వేసింది. వంటింట్లోకి వెళ్ళిపోయి, లోపల్నుంచి పిలిచింది.

"ఇప్పుడు పెట్టరా, మళ్ళీ మొదటినుంచీ."

నీ తమ్ముడు
ఫిన్నీ