వేరే నీళ్లు లేనివాళ్ల లెక్క

అవ్వా,

నవ్వొచ్చినప్పుడల్లా నోటికి కొంగు ఎందుకు అడ్డం పెట్టుకుంటావని చిన్నప్పటి నుంచి అడగాలనుకుంటూనే ఉన్నాను. ప్రభువు కృపవల్ల ఇక్కడ నిజామాబాద్‌లో నేను, విజయ్ పాల్, పిల్లలు బాగున్నాం. బోధన్‌లో అక్క దగ్గరుండి చూసుకుంటున్నావు, ఆమె ఆపరేషన్ కుట్లు ఆరాయని రాయించావు, మనసు కుదుటపడింది. ఫోన్‌లో అయితే అరుస్తానని ఇది రాస్తున్నాను. అక్కతో చదివించుకో.

"మన బోరింగు సంగతి ఏం జేసిండ్రు?" అని అడిగావు. వింటే నీకూ ఒళ్లు మండుతుంది. ఊళ్లలో ఏ బోరు నీళ్లు తాగొచ్చో తేల్చే కమిటీలో, కెమిస్ట్రీ పాఠాలు చెబుతానని నన్నూ కూర్చోబెట్టారు కదా. ధర్పల్లి దగ్గరి మన వాడ బోరింగులో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటింది. పళ్లు గారపట్టేది దానివల్లే. అది మూసి నల్లా వేద్దామన్నాను. ఇంజనీరు నవ్వాడు.

"మేడమ్, ఒకటి అనేది వేరే నీళ్లున్నోళ్లకు. లేనోళ్లకు ఒకటిన్నర దాక నడుస్తది. రూల్లనే ఉన్నది."

"లేనోళ్ల పండ్లు ఇనుముతోని జేసిండ్రా?" అని అరిచాను. సమోసాలొచ్చాయి, అందరూ తిన్నారు. మన బోరింగుకు 'తాగవచ్చు' అని ఆకుపచ్చ రంగు వేయాలని తీర్మానించారు. ఆ ఒకటికీ ఒకటిన్నరకూ మధ్య ఉన్నది నీ నోరే అవ్వా!

ఇక నీకు చెప్పకుండా దాచింది ఒకటుంది. మర్నాడే బోరింగు మెకానిక్ దేవిదాస్‌ను వెంటబెట్టుకుని పోయి, హ్యాండిల్ విప్పించి కారులో వేసుకొచ్చాను. వాడకు నల్లా పైపు వేసేదాకా ఇవ్వనని ఇంజనీరుతో అన్నాను. గెలిచినట్టే అనిపించింది.

నిన్న ఊళ్లో మన పక్కింటి శారమ్మ పెద్దమ్మ ఫోన్ చేసింది. "నల్లా ఏడొచ్చిందే షారోనూ? పసుపు చేన్ల బావి నీళ్లు తాగుతున్నం. పురుగుల మందు గొట్టినంక ఆ పంపులు కడిగేది గా బావి కాడనే. మంచిగ జేసినవ్ బిడ్డా! పండ్లు ఉంటయి, పాణం పోతది."

వాళ్ల ఒకటిన్నరను తిట్టిన నేను, ఏ లెక్కా లేని బావికి వాడను తోలాను. హ్యాండిల్ తిరిగి బిగిస్తే రంగు వేస్తారు, పైపు మరిచిపోతారు. బిగించకపోతే ఆ బావే గతి. వంటింటి తలుపు వెనక పెట్టాను దాన్ని. ఫిల్టర్ నీళ్లు పట్టుకోబోయిన ప్రతిసారీ కాలికి తగులుతోంది.

వచ్చే వారం నువ్వు ఇంటికి పోతావు. నువ్వు ఏ నీళ్లు తాగాలో నేను తేల్చలేకపోతున్నాను.

ఇట్లు,
నీ చిన్నబిడ్డ
షారోన్