అక్కకు కూడా చెప్పని మాట

మదనపల్లె,
8 సెప్టెంబరు 2024.

కుప్పంలోని కృష్ణవేణక్కకు చెల్లెలు మునీశ్వరి నమస్కరించి రాసేది. ఇక్కడ మేమంతా బాగున్నాం. ఫోను ఎత్తడం లేదంటే అక్కడ నీ కోపం కూడా బాగానే ఉన్నట్టుంది. అందుకే టమోటా మార్కెట్‌కు వచ్చిన బావ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. దగ్గర్లో వి.కోట మార్కెట్ పెట్టుకుని ఇంత దూరం వస్తాడని ఆయన మీద సణుగుతావట కదా. ఈసారికి నాకు పనికొచ్చింది.

సుష్మకు చూసిన పుంగనూరు అబ్బాయి యువరాజ్, మందు మాన్పించే మా సెంటరుకు వచ్చాడా లేదా అని అడిగావు. చెప్పనన్నాను. "నా బిడ్డ సుష్మ నీకూ కూతురు కాదా, యాల సెప్పవు? రాకుంటే రాలేదని అనేదానివే. వచ్చిండాడు, అందుకే నోరు మూసుకోనుండావు" అని తేల్చేశావు. సంబంధం వద్దని కబురు పంపబోతున్నావట. సుష్మ ఫోన్లో ఒకటే ఏడుపు.

అక్కా, ఎవరి గురించి అడిగినా నా జవాబు ఇదే. రానివాళ్లను రాలేదని చెప్పడం మొదలుపెడితే, నేను నోరు మెదపని ప్రతివాడూ తాగుబోతేనని అందరూ అనుకుంటారు. ఇక మా గడప ఎవరు తొక్కుతారు? తంబళ్లపల్లె బస్సులో తలకు తువ్వాలు కప్పుకుని వచ్చేవాళ్లు నన్ను నమ్మే వస్తారు. ఊరికే కూర్చుని మాట్లాడే ఉద్యోగమని నువ్వు వెక్కిరిస్తావు కానీ, ఈ పని చేతనైనందుకు నాకు గర్వంగానే ఉంది. నువ్వు మాట్లాడకపోతే మాత్రం అన్నం సయించడం లేదు.

యువరాజ్‌ను ఎదురుగా కూర్చోబెట్టి సుష్మనే అడగనివ్వు. ఆ తర్వాతే కబురు సంగతి.

కాణిపాకంలో ప్రమాణం చేయించావు కాబట్టే బావ మందు మానేశాడని, మా సెంటర్లు దండగని అంటావు. అనుకో. ఆయన ముఖం తేటగా ఉంది, నాకదే చాలు.

నీ చెల్లెలు,
మునీశ్వరి

తా.క.: ఉత్తరం మడుస్తుంటే బావ ఆపాడు. "ఇంగ దాసిపెట్టొద్దమ్మా, నా సంగతీ రాసెయ్. నేనే రాయమన్నానని రాయి" అన్నాడు. ఆయన రాయమన్నాడు కాబట్టే రాస్తున్నాను. ప్రమాణం చేసిన నెలకే మళ్లీ తాగాడు. నీకు చెప్పలేక మా దగ్గరికి వచ్చాడు. సొంతవాళ్లకు నేను కౌన్సెలింగ్ చేయకూడదు కనుక మా సెంటర్లోని పురుషోత్తం సారుకు అప్పగించాను. టమోటాల వంకతో ఇంత దూరం వస్తున్నది అందుకే. ఏడాదిగా చుక్క ముట్టలేదు. ఆ ఏడాదంతా నీతో ఫోన్లో ఎన్ని కబుర్లు చెప్పానో, ఈ ఒక్క మాట మాత్రం నోరు జారలేదు. మిగతాది ఆయనే చెబుతాడట. నీ ఎదురుగానే నిలబడి ఉంటాడు, ముందు మంచినీళ్లివ్వు.