రూతమ్మగారికి అల్లిన స్కార్ఫు

ఏలూరు, 1936 డిసెంబరు, శుక్రవారం రాత్రి

నాకు లేసు అల్లిక నేర్పిన రూతమ్మగారు ఇవాళ వెళ్ళిపోయారు. చూపు పూర్తిగా పోయింది కనక మా బడిలో ఉద్యోగం మానేసి, జంగారెడ్డిగూడెంలో తమ్ముడి దగ్గర ఉంటారట. ఆరేళ్ళుగా ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం.

మొదటిసారి సొంతంగా అల్లిన ఊలు స్కార్ఫు బస్సు దగ్గర ఆవిడ చేతిలో పెట్టాను. అంచు నుంచి అంచు దాకా వేళ్ళతో తడుముతూ ఒకచోట ఆగారు.

“ఇక్కడ అల్లిక తప్పిందమ్మా.”

“విప్పి మళ్ళీ అల్లి పంపిస్తానండీ.”

“వద్దు. ఇక్కడ వేలు తగిలితే నువ్వు పక్కనున్నట్టే ఉంటుంది.”

బస్సు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డాను. ఆవిడకి కనపడదన్న సంగతి గదికొచ్చాకగాని తట్టలేదు. ఒక్కసారి గట్టిగా పిలిచినా వినేవారు.