గండి పడిన చోటు

కోడూరు,
జూన్ 9

ప్రభువునందు ప్రియమైన మేనకోడలు కృపాకుమారికి,

మావయ్య బాబూరావు దీవించి రాస్తున్నది. ఇక్కడ మీ అత్తయ్య, నేను బాగానే ఉన్నాం. బందరులో నువ్వూ బాగున్నావనుకుంటాను.

ఫోను చెయ్యక ఉత్తరం ఏమిటని నవ్వుకుంటున్నావేమో. ఫోను మీద నాకు నమ్మకం పోయింది. అది వింటుంది. జిగురు పెట్టి మూసిన కవరుకు చెవులుండవు, నోరూ ఉండదు. నువ్వు కూడా కాగితం మీదే జవాబు రాయి.

సంగతి ఇది. మన మందిరం దేవమ్మ కూతురు శాంతికి బంటుమిల్లి సంబంధం వచ్చింది కదా. అబ్బాయి పేరు పవన్, బుద్ధిమంతుడు. ఒకసారి వచ్చి చూసి వెళ్ళారు, అందరికీ నచ్చింది. శాంతికి చిన్నప్పటి నుంచి ఫిట్సు ఉందనీ, మాత్రలు వాడుతోందనీ నీకు తెలుసు. ఆ మాట రెండోసారి కలిసినప్పుడు తన నోటితో తానే చెబుతానని పిల్ల పట్టుబట్టింది. తప్పేముంది, నిజాయితీ గల పిల్ల. ఆ రెండోసారి రానే లేదు. మొన్న వాళ్ళు కబురు పంపారు: మాత్రల సంగతి తెలిసింది, దాచినవాళ్ళతో మాకు పొసగదు అని.

ఎలా తెలిసింది? తెలిసినవాళ్ళం ఎవరం? దేవమ్మ, శాంతి, ప్రార్థన నడిపించేవాణ్ణని ప్రార్థన అంశంగా నాకు చెప్పుకున్నారు గనుక నేను. నాలుగోది, ఫిబ్రవరిలో నువ్వొచ్చి దేవమ్మ ఫోనులో పెట్టిన, మాత్రలు గుర్తుచేసే నీ ఆప్ 'మాత్రవేళ'.

దావీదు రాజు జనాన్ని లెక్కపెట్టిస్తే దేశం మీదికి తెగులొచ్చింది. నువ్వూ లెక్కే పెడుతున్నావు. ఏ ఇంట్లో ఎవరికి ఏ జబ్బు, పొద్దున ఎన్ని మింగాలి, సాయంత్రం ఎన్ని. ముప్పై ఏళ్ళు కాలవ లస్కరుగా గట్ల మీద తిరిగినవాణ్ణి. గట్టు కింద చేరెడు తడి కనబడితే చాలు, గండి ఎక్కడ పడబోతోందో వేలు పెట్టి చూపించేవాణ్ణి. ఈ తడి నీ ఆప్ నుంచే వస్తోంది.

నిన్న ఆదివారం మందిరంలో ఆ మాటే మైకులో గట్టిగా చెప్పాను. మన హారన్ సంగతి నీకు తెలుసుగా, కాలవ అవతలికి కూడా వినబడుతుంది. సాయంత్రానికి పదకొండు ఇళ్ళవాళ్ళు ఆప్ తీసేశారు.

ఎవరికి అమ్ముతున్నావు తల్లీ? దేవుడి ఎదుట నిలబడి చెప్పు.

నీ క్షేమం కోరే, నిన్ను అనుమానించక తప్పని
మావయ్య

•

బందరు,
జూన్ 14

ప్రియమైన మావయ్యకు,

మీ కవరు మీద జిగురు ఎంత పట్టించారంటే, చింపబోతే సగం ఉత్తరం చిరిగింది. మిగిలిన సగం చదివేసరికి నాకు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. కోపం తగ్గాక రాస్తున్నాను.

శాంతి సంగతి విని మనసు పాడైంది. కానీ మావయ్యా, మాత్రవేళలో రాసింది ఆ ఫోను దాటి బయటికి రాదు. నా దగ్గరికి కూడా రాదు. దేవమ్మత్త ఫోనులో ఏముందో ఇక్కడ కూర్చుని చూడాలన్నా నాకు కనబడదు. కావాలనే అలా కట్టాను. మీ ఇనపపెట్టె తాళం చేసినవాడు మీ పెట్టెలో ఏముందో చెప్పగలడా?

విజయవాడ కంపెనీలో ఉద్యోగం మానేసింది ఇందుకే. అక్కడ జనం రాసుకున్నదంతా మా కంప్యూటర్లకి వచ్చి పడేది. నాకు నచ్చలేదు. ఇప్పుడు నాజియా వాళ్ళ కుట్టు షాపు మీద గదిలో ఒక్కదాన్నే కూర్చుని గ్యాసు బండ ఎప్పుడు పెట్టాం, పాపకి టీకా ఎప్పుడు, అమ్మమ్మ మాత్ర వేసుకుందా, ఇలాంటివి చేసుకుంటున్నాను. కింద నాజియా మిషను చప్పుడు, పైన నేను. అంతే నా కంపెనీ.

మరొక మాట. అత్తయ్య ఫోనులో ఆప్ పెట్టినప్పుడు ఇంట్లో వాళ్ళ పేర్లన్నీ రాశాను. మీ పేరు ఎదురుగా ఖాళీ. "నాకే జబ్బూ లేదు, నా వైద్యుడు పైనున్నాడు" అన్నారు. సంతోషమే. కానీ చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకుని ఎందుకన్నారో నాకు అర్థం కాలేదు.

మీరు చేతిలో బలపం పెట్టి అక్షరాలు నేర్పిన
కృప

•

కోడూరు,
జూలై 1

ప్రియమైన కృపకు,

నా జేబు జోలికి రావద్దు. దానిలో కళ్ళజోడు పెట్టుకుంటాను.

నీ ఇనపపెట్టె మాట బాగుంది. కానీ బైబిల్లో ఆకాను కూడా దొంగసొమ్ము గుడారంలో పాతిపెట్టి పైన చాప పరుచుకుని ఏమీ ఎరగనట్టే కూర్చున్నాడు. మాటలతో తేలదని నేను పరీక్ష పెట్టాను. విను.

మీ అత్తయ్య స్నానానికి వెళ్ళినప్పుడు ఆమె ఫోను తీసి, ఆమె పేరు కింద "కుక్కకాటు ఇంజెక్షను, అయిదు" అని రాశాను. అబద్ధమే. గిద్యోను గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణే పరీక్షించలేదా? ఊళ్ళో ఒక్కడైనా "బాబూరావు గారూ, మీ ఆవిణ్ణి కుక్క కరిచిందట" అంటే నువ్వు దొరికిపోయినట్టే. పదిహేను రోజులు చెవులు రిక్కించుకుని తిరిగాను. టీ కొట్టు దగ్గర కావాలని కుక్కల మాట ఎత్తాను. ఎవడూ కదల్లేదు.

నిన్న పొద్దున మీ అత్తయ్య పప్పు తిరగమోత పెడుతుంటే నేను పెట్టిన తేదీ వచ్చి ఇంజెక్షను వేళైందని ఫోను మోగింది. చదివి గరిటెతో బయటికొచ్చింది.

"ఏవండీ, నన్ను కుక్క ఎప్పుడు కరిచింది?"

నేను కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను.

"అయిదు ఇంజెక్షన్లా! కరిచిన కుక్క ఇంట్లోనే ఉందన్నమాట" అంది. ఆ పూట నాకు పప్పు పెట్టలేదు.

దీన్నిబట్టి నువ్వు నిర్దోషివని అనుకోవద్దు. సాతాను పిచ్చివాడు కాడు, ఏది అమ్ముడుపోతుందో ఏది పోదో వాడికి తెలుసు. ముసలిదాని కుక్కకాటు ఎవడికి కావాలి? పెళ్ళికెదిగిన పిల్ల జబ్బుకే గిరాకీ.

శాంతి ఆరాధనకు రావడం మానేసింది. వాళ్ళ వాకిట్లోంచి వెళ్తుంటే తలుపు దగ్గరికి వేసింది. నా మీద కాదు, లోకం మీద. ఆ తలుపు చప్పుడుకు నువ్వు జవాబు చెప్పాలి.

మావయ్య

•

బందరు,
జూలై 8

మావయ్యకు,

గుడివాడలో గోవర్ధనరావు గారని మందుల షాపాయన, నా ఆప్ నచ్చి షాపులో దాని బొమ్మ అతికించారు. మందులు కొన్న పెద్దవాళ్ళకి తనే ఫోన్లో పెట్టిచ్చేవారు. నిన్న ఆ బొమ్మ తీసేశారు. "అమ్మా, దివిసీమలో మీ సొంత మావయ్యే ఇది ఇళ్ళ గుట్టు అమ్ముతుందని మైకులో చెప్పారట. నేను వ్యాపారస్తుణ్ణి, నా మీదికొస్తే ఏం చెయ్యను?" అన్నారు. రెండేళ్ళ పని మావయ్యా. మీ ఒక్క ఆదివారానికి పోయింది.

అది పక్కన పెడతాను. ఒక్కటి అడుగుతాను. పెళ్ళివారు పంపిన కబురులో ఉన్న మాటలు శాంతి నాకు చెప్పింది. "తొమ్మిదో ఏట రేవు మెట్ల మీద పడిపోయిందట కదా" అన్నారట. నా ఆప్‌లో మాత్ర పేరు రాయడానికి ఒక గడి, వేళకి ఒక గడి ఉన్నాయి. రేవు మెట్లు రాయడానికి గడి లేదు. తొమ్మిదో ఏడు రాయడానికి అసలే లేదు. మరి ఆ మాట ఎక్కడి నుంచి వెళ్ళింది?

ఆ మాట అదే వరసలో నేనూ ఒకసారి విన్నాను. ఎక్కడ విన్నానో గుర్తొచ్చింది. కానీ చెప్పను. నేను చెబితే మీరు నమ్మరు. బంటుమిల్లి వెళ్ళి మీరే అడగండి.

కృప

•

కోడూరు,
జూలై 11

కృపా,

వెళ్తున్నాను. రేపు మొదటి బస్సుకే. వాళ్ళ నోటితోనే చెప్పించి నోటుబుక్కులో రాయించి సంతకం పెట్టిస్తాను. నీ పేరు వచ్చిందో, సొంత మేనకోడలని చూడను. సిద్ధంగా ఉండు.

బాబూరావు

•

బందరు,
జూలై 27

ప్రియమైన మావయ్యకు,

పదిహేను రోజులైంది. ఉత్తరం లేదు. ఫోను ఎత్తరు. అత్తయ్యని అడిగితే "వచ్చిన దగ్గర్నుంచి మీ మావయ్య నోరు విప్పట్లేదే, నాకు భయంగా ఉంది" అంది. నేను గెలవాలని మిమ్మల్ని అక్కడికి పంపలేదు. నాలుగు తిట్లైనా రాయండి.

కృప

•

కోడూరు,
ఆగస్టు 4

ప్రియమైన నా తల్లి కృపకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. అయిదోది పంపుతున్నాను.

ఆరోజు బందరు బస్టాండులో గంట కూర్చున్నాను, నీ గదికి రాలేదు. సాక్ష్యం పట్టుకునే వద్దామనుకున్నాను. బంటుమిల్లిలో పవన్ వాళ్ళమ్మ మర్యాదస్తురాలు. కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది.

"తాగండి పాస్టరు గారూ."

"నేను పాస్టరును కానమ్మా, మామూలు విశ్వాసిని. ఒక్క మాట అడిగి వెళ్తాను. శాంతి మాత్రల సంగతి మీకు ఏ ఫోనులో వచ్చింది?"

"ఫోనేంటండీ? మీరే కదండీ చెప్పింది!"

"నేనా? మిమ్మల్ని నేను ఇదే చూడటం."

"చూళ్ళేదండీ, మీ గొంతు విన్నాం" అంది. చూపులయ్యాక మే నెలలో ఒక శుక్రవారం ఆమె, వదినగారు ఎవరికీ చెప్పకుండా పిల్ల ఇల్లు, ఊరు చూసుకుందామని వచ్చారట. తిరుగు బస్సు నలభై నిమిషాలు ఆలస్యం. బస్సు ఆగేది మన మందిరం ఎదురుగానే కదా. లోపల ఉపవాస ప్రార్థన, పైన హారన్. "ప్రభువా, దేవమ్మ కూతురు శాంతిని ముట్టు, తొమ్మిదో ఏట రేవు మెట్ల మీద పడిన నాటి నుంచి రెండు రకాల మాత్రలు మింగుతున్న బిడ్డ అన్నారండీ. మా వదిన కళ్ళు కూడా తుడుచుకుంది. అంత బాగా చేశారు ప్రార్థన."

కృపా, నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను.

ఆమె ఇంకా అంది: "జబ్బుందని వద్దనలేదండీ. బస్టాపులో వేరుశనక్కాయలమ్మే ఆవిడకి కూడా తెలిసిన మాట మాకు చెప్పలేదే అని మా వాడు నొచ్చుకున్నాడు."

దావీదు కోపంతో "వాడు చావవలసినవాడే" అని అరిచాక నాతాను ప్రవక్త "ఆ మనిషివి నువ్వే" అని వేలు ఎటు తిప్పాడో నేను వందసార్లు ప్రసంగించాను. ఆ వేలు ఎలా ఉంటుందో ఆరోజే చూశాను, గాజుల చేతికి ఉంది.

వెలుపలివాళ్ళకు చెప్పానని నాకు ఏనాడూ అనిపించలేదు. ప్రార్థనలో అన్నది దేవుడితో అన్నట్టే అనుకున్నాను. దేవమ్మ పక్కనే మోకరించి ఆమెన్ అంది, ఆమెకూ తోచలేదు. ఇరవై ఏళ్ళుగా ఎందరి కడుపులో మాటలు ఆ తాటిచెట్టుకు కట్టిన హారన్లోంచి కాలవ దాటించానో. గది తలుపు వేసుకుని అడగమని ప్రభువు చెబితే నేను కరెంటు పెట్టి అడిగాను. ఊరి గట్లన్నీ కాపలా కాసినవాణ్ణి, గండి నా నోట్లో ఉందని ఎరగను.

తిరుగు ప్రయాణంలోనూ బందరులో దిగాను. సిగ్గేసి మళ్ళీ బస్సెక్కాను.

శాంతి దగ్గరికి వెళ్ళి, తప్పు నాదేనని చెప్పాను. ఆదివారం అందరి ఎదుటా ఒప్పుకుంటానన్నాను. ఆ పిల్ల అడిగింది:

"మళ్ళీ మైకులోనా మావయ్యా?"

ఒక్క మాటే. నేను ఒప్పుకోవాలన్నా ఆ పిల్ల పేరే మళ్ళీ వీధిలో వెయ్యాలి. నా పశ్చాత్తాపానికి కూడా హారనే కావాల్సి వచ్చింది చూడు.

అందుకని ఆదివారం ఇంతే చెప్పాను: "కృపాకుమారి ఆప్ మీద నేను మోపిన నింద అబద్ధం. నేను తప్పు చేశాను. ఎందుకో ఎవరూ అడగవద్దు, నేను చెప్పను." నా ప్రసంగాల్లో అంత చిన్నది లేదు. ఆ సాయంత్రమే హారన్ దింపించాను. ఇప్పుడు ప్రార్థన అంశాలు చెప్పుకునేవాళ్ళు నా దగ్గరికొచ్చి మెల్లగా చెబుతారు, నేను కిటికీ కూడా మూస్తాను. బుధవారం గుడివాడ వెళ్ళి గోవర్ధనరావు గారి షాపులో ఆ బొమ్మ నా చేత్తో అతికించి వస్తాను.

శాంతి, పవన్ తర్వాత మాట్లాడుకున్నారా అని నువ్వు అడుగుతావు. అది ఆ పిల్ల చెప్పుకోవలసిన మాట. నాకు తెలిసినా రాయను.

చివరిగా ఒకటి. ఈసారి వచ్చినప్పుడు మీ అత్తయ్య ఫోనులో నా పేరు ఎదుట ఖాళీ ఉంచావే, అక్కడ ఒక మాత్ర రాయాలి. పొద్దున టిఫిను తర్వాత. రెండేళ్ళుగా జేబులో పెట్టుకుని, ఎవరూ చూడకుండా పెరట్లోకి వెళ్ళి మింగుతున్నాను. అందరి జబ్బులూ ఎత్తి ప్రార్థించినవాణ్ణి, నాది ఒక్కనాడూ అంశంగా ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో ఇప్పుడు ఆలోచిస్తే తల ఎత్తలేకపోతున్నాను.

దాని పేరు ఈ కాగితం మీద రాయను. నువ్వొచ్చాక, తలుపు వేసి, నీ చెవిలో చెబుతాను.

నీ క్షమ అడగడానికి ఇంకా మాటలు దొరకని
మావయ్య బాబూరావు